ధూళి చాటున ఉన్న గుచ్ఛంలో వేరియబుల్ స్టార్లు: నా లిస్టులో ఎన్ని నిజం?

అనంత_ఎమ్మెస్సీ

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టుకు టూమాస్ జీసీ02 అనే గోళాకార నక్షత్ర గుచ్ఛం తీసుకున్నాను. ధనుస్సు రాశిలో, పాలపుంత నడిగీతకు ఒక డిగ్రీ కూడా ఎడం లేని చోట ఉంటుంది. మామూలు ఫొటోల్లో అక్కడ ఏమీ కనపడదు, మధ్యలో అంత ధూళి. టూమాస్ అనే సర్వే వాళ్లు ఆకాశమంతా పరారుణంలో (కంటికి కనపడని, ఎరుపుకు అవతలి వెలుగులో) తీస్తుండగా, 2000లో గానీ ఇది అక్కడ ఉందన్న సంగతి బయటికి రాలేదు.

డేటా వీవీవీ సర్వేది. చిలీలో పరానాల్ దగ్గరున్న 4.1 మీటర్ల విస్టా టెలిస్కోపుతో 2010 నుంచి పాలపుంత నడి ఉబ్బునూ, దక్షిణం వైపు పళ్లెంలో కొంత భాగాన్నీ కెఎస్ బ్యాండులో, అంటే 2.15 మైక్రాన్ల దగ్గర, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తీశారు. అదంతా ఫ్రీగా దొరుకుతుంది. గుచ్ఛం మధ్య నుంచి 2 ఆర్క్‌మినిట్ల (ఆర్క్‌మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) లోపు ఉన్న నక్షత్రాలన్నిటికీ కేంబ్రిడ్జి వాళ్లు ప్రాసెస్ చేసిన కేటలాగులు దించుకొని, తేదీలవారీగా జత చేసి, పైథాన్‌లో లాంబ్-స్కార్గిల్ (పీరియడ్ వెతికే లెక్క) నడిపించాను. 8 జీబీ ల్యాప్‌టాప్, రాత్రంతా ఫ్యాన్ గోల, రూమ్మేట్ తిట్లు.

వచ్చిన ఫలితం చూస్తే సంతోషించాలో భయపడాలో తెలియట్లేదు. రెండొందలకు పైగా నక్షత్రాలు 'వేరియబుల్', అంటే వెలుగు మారేవి, అని వచ్చాయి. పీరియడ్లు హిస్టోగ్రామ్ వేస్తే సరిగ్గా ఒక రోజు దగ్గర, అర రోజు దగ్గర రెండు గోపురాలు లేచాయి. కొన్ని 11వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ ప్రకాశం ఎక్కువ) నక్షత్రాలు ఏకంగా 0.8 మాగ్నిట్యూడ్ ఊగుతున్నాయి. 15, 16 మాగ్నిట్యూడుల దగ్గర మాత్రం ఓ పదీ పదిహేను అందంగా సైన్ వేవ్ లాగా ఉన్నాయి. గైడ్‌గారికి చూపిస్తే "గ్రాఫ్ బాగుందిగా, రాసెయ్" అన్నారు. డిపార్ట్‌మెంటులో ఈ పని చేసినవాళ్లు ఎవరూ లేరు. వైవాలో బయటి ఎగ్జామినర్ ఒక్క ప్రశ్న అడిగితే నా పని అయిపోతుందని టెన్షన్‌గా ఉంది.

వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి? ఏ లెక్కన?

---

గండికోట_డాబ్

తమ్ముడూ, మన సీమ నుంచి ఇట్లాంటి ప్రశ్న చూసి మనసు నిండింది. నాది జమ్మలమడుగు. 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఉంది. లైట్లు తక్కువున్న రాత్రి కోట వైపు ఎత్తుకుపోయి, ఎం22 చూస్తుంటాను. అదీ ధనుస్సులోని గోళాకార గుచ్ఛమే, మన అక్షాంశానికి 50 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. చిక్కేమంటే ధనుస్సు సాయంత్రం పూట తీరిగ్గా కనపడే నెలల్లోనే మనకు మబ్బులు, గాలిదుమారం. అందుకే నేను మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారుజామున లేస్తా.

నీ ప్రశ్నకు జవాబు నాకు తెలియదు గానీ నాదొక ప్రశ్న. పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాలో ఐఆర్ ఫిల్టర్ పీకేయించాను. ఇప్పుడది పరారుణం కూడా పడుతుంది కదా. దాన్ని ఒక ట్రాకర్ మీద పెట్టి గంట సేపు తీస్తే ఈ జీసీ02 మచ్చలాగైనా పడుతుందా?

---

ఆదోని_రిటైర్డ్_ఫిజిక్స్

డాబ్ అన్న ప్రశ్నకు నేను చెప్తా, అబ్బాయి ప్రశ్నకు ఆ పని రోజూ చేసేవాళ్లెవరైనా రావాలి.

పడదు నాయనా. కెమెరాలో ఉండేది సిలికాన్. 1.1 మైక్రాన్ దాటిన ఫోటాన్‌కు సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌ను లేపే శక్తి ఉండదు. నువ్వు ఫిల్టర్ తీసినా, కెమెరా మొత్తం విప్పదీసినా 2 మైక్రాన్ల వెలుగు దానికి లేనట్టే. విస్టాలో ఉన్నవి మెర్క్యురీ కాడ్మియం టెల్యూరైడ్ డిటెక్టర్లు, అవీ గడ్డకట్టించే చలిలో ఉంచినవి. లేకపోతే పరికరం వేడే పరికరానికి వెలుగై కనపడుతుంది.

ఇక ధూళి లెక్క. నక్షత్రాల మధ్య ధూళి రేణువులు మైక్రాన్‌లో పదో వంతు, ఆ చుట్టుపక్కల సైజువి. తరంగదైర్ఘ్యం అంతకంటే బాగా పెద్దదైతే ఆ వెలుగును అవి పెద్దగా పట్టించుకోవు. కె బ్యాండులో పడే కోత, కంటికి కనపడే వీ బ్యాండులో పడే కోతకు సుమారు తొమ్మిదో వంతు. ఈ గుచ్ఛానికి వీ బ్యాండులో 16 మాగ్నిట్యూడుల కోత అనుకుందాం. అంటే 25 లక్షల పాళ్లు బయల్దేరితే ఒక్క పాలు మనదాకా వస్తుంది. అదే కె బ్యాండులో కోత 1.8 మాగ్నిట్యూడులు. ఐదు పాళ్లలో ఒకటి వస్తుంది. తేడా చూశావా? నీ కెమెరా అందుకోగల 0.8 మైక్రాన్ల దగ్గర ఆ కోత ఇంకా సగానికి పైనే ఉంటుంది, అంటే 8, 9 మాగ్నిట్యూడులు. గంట కాదు, తెల్లవార్లూ తీసినా ఏమీ దొరకదు.

అబ్బాయీ, ఈ లెక్క నీకూ పనికొస్తుంది. ఆర్ఆర్ లైరే (అర రోజు చుట్టుపక్కల పీరియడుతో ఊగే ముసలి నక్షత్రాల జాతి) నక్షత్రం 7 కిలోపార్సెక్కుల (ఒక్కోటి సుమారు 3,260 కాంతి సంవత్సరాలు) దూరంలో ఉంటే, ధూళి కలిపి వీ బ్యాండులో 31వ మాగ్నిట్యూడుకు దగ్గరవుతుంది. ఏ టెలిస్కోపుకూ అందేది కాదు. కె బ్యాండులో 15.5 దగ్గర నిలబడుతుంది. నీ అందమైన సైన్ వేవులు 15, 16 దగ్గరే ఉన్నాయన్నావు. అది మంచి గుర్తు.

---

తుంగభద్ర_గట్టు

సారు ధూళి సంగతి తేల్చేశారు కాబట్టి నేను నేరుగా లిస్టుకొస్తా. మాది కర్నూలు. ఇప్పుడు ఊరికి దూరంగా ఉన్నా గానీ, పని ఇదే: పరారుణ చిత్రాల్లో కిక్కిరిసిన చోట ఊగే నక్షత్రాలను ఏరడం.

తమ్ముడూ, ముందు ఒక మాట మనసులో పెట్టుకో. లాంబ్-స్కార్గిల్ ఎవర్నీ ఉత్త చేతులతో పంపదు. సంతలో కొన్న కందిపప్పు బరువులు ఇచ్చినా ఒక పీరియడ్ చెప్తుంది. 'పీరియడ్ వచ్చింది' అన్నది నీ పనికి మొదలు. ఊగింది నిజంగా ఆ నక్షత్రమేనా, ఊగితే అది ఆ గుచ్ఛానిదేనా, ఈ రెండూ తేల్చడమే ప్రాజెక్టు.

నీ రెండు గోపురాల సంగతి తేలిక. డేటా అంతా ఒకే కొండ మీద నుంచి, రాత్రుళ్లు మాత్రమే తీసింది. అందుకని నిజం ఫ్రీక్వెన్సీకి ఒకటి కలిపినా, తీసినా వచ్చే దొంగ ఫ్రీక్వెన్సీలు పీరియడోగ్రామ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీకి ఎంత బలమో చూపే గ్రాఫులో) లేస్తాయి. అసలు ఊగని నక్షత్రానికి కొలతలో నెమ్మదిగా జరిగే తేడా ఏదైనా ఉంటే అది వచ్చి సరిగ్గా ఒక రోజు దగ్గర కూర్చుంటుంది. 0.99 నుంచి 1.01, 0.497 నుంచి 0.503 మధ్య ఉన్నవాటిని పక్కన పెట్టు. వాటిలో ఒకటో రెండో నిజమైనవి పోవచ్చు, పోనీ.

11వ మాగ్నిట్యూడువి: విస్టా కెమెరాకు కె బ్యాండులో 12 కంటే ప్రకాశమైన నక్షత్రాలు నిండిపోయి పొంగుతాయి. సాచురేషన్ అంటారే, అదే. వాతావరణం నిలకడగా ఉన్న రాత్రి వెలుగంతా నాలుగు పిక్సెళ్లలో పడి పొంగుతుంది, చెదిరిన రాత్రి కొంచెం తక్కువ పొంగుతుంది. కేటలాగులో అది 0.8 ఊగినట్టు కనపడుతుంది. నక్షత్రం మాత్రం తన పాటికి తాను ఉంటుంది. గోళాకార గుచ్ఛాల్లో నిజంగానే ఊగే ఎర్రని పెద్ద నక్షత్రాలు ఉంటాయి, మీరాలు వగైరా, కానీ వాటిని ఈ డేటాతో నువ్వు నిరూపించలేవు. ఆ చాప్టరే పెట్టుకోకు.

ఇక అసలైన తలనొప్పి గుచ్ఛం నడిమధ్య. నువ్వు వాడిన కేటలాగుల్లో ఉన్నది అపర్చర్ ఫొటోమెట్రీ. నక్షత్రం చుట్టూ ఒక గుండ్రటి గీత గీసి, లోపల పడిన వెలుగంతా ఆ నక్షత్రానిదే అని లెక్క. విస్టాలో ఒక పిక్సెల్ 0.34 ఆర్క్‌సెకండ్లు. గుచ్ఛం మధ్యలో ఆ గీతలో మూడు నాలుగు నక్షత్రాలు ఇరుక్కుంటాయి. సీయింగ్ (గాలి కదలికకు బొమ్మ ఎంత చెదిరిందన్న కొలత) చెడిన రాత్రి పక్కదాని వెలుగు ఇటు కారుతుంది, బాగున్న రాత్రి కారదు. నీ సైన్ వేవులో సగం అదే అయ్యుండొచ్చు. పరీక్ష చాలా సులువు: ప్రతి చిత్రం హెడర్‌లో సీయింగ్ ఉంటుంది. ఒక్కో నక్షత్రానికి మాగ్నిట్యూడ్ నిలువున, సీయింగ్ అడ్డంగా పెట్టి ప్లాట్ వెయ్యి. వాలుగా గీత వచ్చిందా, ఆ నక్షత్రాన్ని కొట్టెయ్యి. జాలిపడకు.

వీవీవీలో ఇంకో సదుపాయం ఉంది, చాలామంది వాడుకోరు. విస్టా కెమెరాలో 16 డిటెక్టర్లు, మధ్యమధ్య ఖాళీలు. ఆ ఖాళీలు పూడ్చడానికి ఒక్కో టైలును (ఖాళీలు లేని పూర్తి బొమ్మను) ఆరు పాప్రింట్లుగా (ఖాళీలున్న విడి చిత్రాలుగా) జరిపి జరిపి తీస్తారు. దాంతో ఒక నక్షత్రం ఒకే రాత్రి, కొద్ది నిమిషాల తేడాలో, కనీసం రెండు సార్లు పడుతుంది, చాలాసార్లు వేర్వేరు డిటెక్టర్ల మీద. ఆర్ఆర్ లైరే అయినా సరే ఆ కొద్ది నిమిషాల్లో మారేదేమీ ఉండదు. కాబట్టి ఆ రెండు కొలతలూ కలవాలి. కేటలాగు 'ఎర్రర్ 0.02' అంటూ, జంట కొలతల మధ్య 0.15 తేడా ఉంటే కేటలాగును నమ్మొద్దు, జంటను నమ్ము. నేనైతే ఏ నక్షత్రానికైనా ముందు ఈ జంట తేడాల ప్లాటే చూస్తా, పీరియడ్ తర్వాత.

ఈ వడపోతలయ్యాక మిగిలినవాటికి ఇమేజ్ సబ్‌ట్రాక్షన్ చెయ్యి. 1998లో అలార్డ్, లప్టన్ చెప్పిన పద్ధతి. అన్నిటికంటే సీయింగ్ బాగున్న చిత్రాన్ని రెఫరెన్సుగా పెట్టుకొని, దాన్ని ఒక్కో రాత్రి చిత్రానికి సరిపోయేంత మసకబార్చి, ఆ చిత్రంలోంచి తీసేస్తారు. ఊగని నక్షత్రాలన్నీ చెరిగిపోతాయి. ఊగినది తెల్లమచ్చో నల్లమచ్చో అయి మిగులుతుంది. ఆ మచ్చ నడిబిందువు ఎక్కడుందో కొలువు. నీ లిస్టులోని నక్షత్రం మీద ఉందా, ఒకటిన్నర పిక్సెల్ అవతల దాని పొరుగు మీద ఉందా? ఈ ఒక్క కొలతతో సగం జాబితా చేతులు మారుతుంది. టైలు మొత్తం అక్కర్లేదు. నీ 2 ఆర్క్‌మినిట్ల వృత్తానికి 700 బై 700 పిక్సెళ్ల ముక్క చాలు, 8 జీబీ ల్యాప్‌టాపుకు అది లెక్కలోది కాదు. ఒక్కటి మాత్రం మర్చిపోకు: ఒక్కో పాప్రింటుకు, ఒక్కో డిటెక్టరుకు రెఫరెన్సు వేరు. కలగాపులగం చేస్తే అంతా మచ్చలే.

ఇంకా ఉంది, మధ్యాహ్నం రాస్తా. ఈలోపు సీయింగ్ ప్లాటు, జంట తేడాలు వేసి, మిగిలినవి నంబర్లతో పెట్టు.

---

అనంత_ఎమ్మెస్సీ

అక్కా, థాంక్స్ అనేది చిన్న మాట. హాస్టల్ మెస్సులో ఉగ్గాని కూడా వదిలేసి కూర్చున్నా.

ఒక రోజు, అర రోజు గోపురాలు పోయాయి. 12 కంటే ప్రకాశమైనవి పోయాయి. సీయింగ్ ప్లాటు వేస్తే భయమేసింది, మధ్యలో ఉన్నవి దాదాపు అన్నీ వాలుగా గీతలే. జంట తేడాల దగ్గర ఇంకొన్ని రాలిపోయాయి. మొత్తం మీద పద్నాలుగు మిగిలాయి.

మూడింటి మీద డౌట్. 7వ నంబర్: సగటు 15.4, పీరియడ్ 1.63 రోజులు అని వస్తోంది, కానీ 0.62 దగ్గర ఉన్న శిఖరం కూడా దాదాపు అంతే ఎత్తు. 11వ నంబర్: సగటు 14.6, పీరియడ్ 0.2047 రోజులు, ఊగు 0.25, అన్నిటికంటే శుభ్రమైన సైన్ వేవ్ ఇదే. దీన్నే సెమినార్‌లో మొదటి స్లైడ్ చేద్దామనుకున్నా. 4వ నంబర్: పీరియడ్ 0.57 చక్కగా వస్తోంది, సగటు 15.1, కానీ ఊగు 0.12 మాత్రమే. ఆర్ఆర్ లైరేకు ఇంత తక్కువ ఉంటుందా?

---

తుంగభద్ర_గట్టు

రెండొందల నుంచి పద్నాలుగా? ఆరోగ్యంగా ఉంది. ఉగ్గాని వదిలేసినందుకు మాత్రం క్షమించను.

7వ నంబర్ తీసుకుందాం. 1.63 రోజులంటే ఫ్రీక్వెన్సీ 0.6135. దానికి ఒకటి కలిపితే 1.6135, తిరగేస్తే 0.62 రోజులు. అంటే నీ రెండు శిఖరాలూ వేర్వేరు కావు, ఒకటి అసలు, ఒకటి దాని నీడ. 2.59 రోజుల దగ్గర కూడా చిన్నది ఒకటి కనపడాలి, చూడు, ఒకట్లోంచి 0.6135 తీసేసి తిరగేస్తే వచ్చేది అదే. ఇప్పుడు ఏది అసలు? 0.62 అయితే ఆర్ఆర్ లైరే. 1.63 అయితే రెండో రకం సెఫీడ్, బీఎల్ హెర్ అనే జాతి. రెండూ గోళాకార గుచ్ఛాల్లో ఉండేవే, అందుకే చిక్కు. కానీ ఆ పీరియడుకు బీఎల్ హెర్ నక్షత్రం ఆర్ఆర్ లైరే కంటే కె బ్యాండులో సుమారు ఒక మాగ్నిట్యూడ్ ఎక్కువ ప్రకాశిస్తుంది. తప్పు శిఖరం ఎంచుకుంటే దూరం ఒకటిన్నర రెట్లకు పైగా మారిపోతుంది.

కొలతలన్నిటినీ రెండు పీరియడ్లకూ మడిచి (ఒకే చుట్టు మీద పేర్చి) ప్లాట్లు పక్కపక్కన పెట్టు. చెదురు ఏది తక్కువో కంటికే తెలుస్తుంది, కొలిచి కూడా రాయి. అంతకంటే ముందు నీ పద్నాలుగిట్లో 0.5 నుంచి 0.7 లోపు పీరియడ్ తేలిపోయినవన్నీ ఏ మాగ్నిట్యూడ్ దగ్గరున్నాయో చూడు. అవి కూడా 15.2, 15.6 మధ్య ఉంటే 7వది వాటి తోబుట్టువే. ఇక్కడ సారు చెప్పిన 7 కిలోపార్సెక్కులను తెచ్చి వాడొద్దు. నువ్వు కొలవాల్సిన దూరాన్నే ముందు అనుకొని దానితో నక్షత్రాన్ని ఎంచుకున్నట్టవుతుంది. ఎగ్జామినర్ పట్టుకునేది అక్కడే.

11వ నంబర్‌ను మొదటి స్లైడ్ నుంచి దించెయ్. పరారుణంతో ఇదే తంటా. కంటికి కనపడే వెలుగులో ఆర్ఆర్ లైరే ఊగు ఒక మాగ్నిట్యూడ్ దాకా ఉంటుంది, నిట్టనిలువుగా లేచి నెమ్మదిగా దిగుతుంది, చూడగానే గుర్తుపడతాం. కె బ్యాండులో అదే నక్షత్రం 0.3 దగ్గర, గుండ్రంగా, నున్నగా ఉంటుంది. దాంతో ఒకదాన్నొకటి అంటుకొని తిరిగే జంట నక్షత్రాలకూ దీనికీ తేడా పోతుంది. నీ 11వదాన్ని పీరియడ్ రెట్టింపు చేసి, 0.4094కు మడువు. రెండు లోయలు వస్తాయి. రెండూ ఒకే లోతు ఉంటే ఇంకా ఏమీ చెప్పలేం. ఒకటి 0.25, ఇంకోటి 0.2 లాగా తేడా వస్తే అది జంటే. రంగు కూడా చూడు. గుచ్ఛంలోని నక్షత్రాలు ధూళి వెనకాల ఉన్నాయి కాబట్టి జే మైనస్ కె (రెండు పరారుణ బ్యాండుల మాగ్నిట్యూడుల తేడా, అది పెరిగితే ఎరుపు పెరిగినట్టు) బాగా ఎక్కువ ఉండాలి. ఇది వాటికంటే చాలా తక్కువ ఉంటే ధూళికి ఇవతల, మన దారిలో ఎక్కడో ఉన్న జంట అది.

4వది నాకు నచ్చింది. పీరియడ్ బాగుంది, ఊగు మాత్రం సగం కూడా లేదు, పైగా మిగతావాటికంటే ప్రకాశం ఎక్కువ. పక్కనో, కిందనో ఊగని నక్షత్రం ఒకటి దీనితో కలిసిపోయింది. మజ్జిగలో నీళ్లు కలిపినట్టు ఊగు పలచబడింది. పీరియడ్ నిజం, సగటు మాగ్నిట్యూడ్ అబద్ధం. అందుకని టేబుల్లో ఉంచు, దూరం లెక్కలోకి మాత్రం రానివ్వకు. సబ్‌ట్రాక్షన్ చిత్రంలో మచ్చ నడిబిందువు కొలిస్తే ఆ రెండో నక్షత్రం ఎటుందో కూడా తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఈ గుచ్ఛంలో నువ్వు మొదటివాడివి కాదు. వీవీవీ బృందంలోని హావియెర్ అలోన్సో-గార్సియా, ఆయన తోటివాళ్లు ఇదే డేటాతో జీసీ02నూ, టెర్జాన్ 10 అనే ఇంకో గుచ్ఛాన్నీ వెతికి 2015లో పేపరు వేశారు. ఈ ఆర్ఆర్ లైరేల వల్లే టెర్జాన్ 10 అంతకుముందు అనుకున్నదానికంటే చాలా దూరంలో, పాలపుంత నడిమికి అవతల ఉందని తేలింది. జీసీ02 సంగతి ఇంకా తమాషా. గోళాకార గుచ్ఛాల్లో ఆర్ఆర్ లైరేల సగటు పీరియడ్ మామూలుగా 0.55 రోజుల దగ్గరో, 0.65 దగ్గరో గుంపు కడుతుంది, 1939లో ఊస్టర్‌హాఫ్ చూసింది అదే. ఇది మధ్యలో పడుతుంది. మన పాలపుంతలో అలాంటివి అరుదు. ఆ పేపరు టేబులు తీసుకొని నీ పద్నాలుగుతో జత చెయ్యి. వాళ్లవి నీకెన్ని దొరికాయి, దొరకనివి ఎందుకు దొరకలేదు, అది రాస్తే నీ పద్ధతి ఎంత పదునుగా ఉందో అంకెల్లో తెలుస్తుంది. వాళ్లకు లేనిది నీకొకటి దొరికితే, అప్పుడు ఏఏవీఎస్ఓ అనే పరిశీలకుల సంఘం వాళ్ల వీఎస్ఎక్స్ జాబితా (తెలిసిన ఊగే నక్షత్రాల పట్టిక) కూడా చూసి, ఆ తర్వాత 'కొత్త' అనే మాట వాడు.

---

గండికోట_డాబ్

కెమెరా ఆశ సారు చంపేశారు. పోనీ, ఈ ఆర్ఆర్ లైరే అనేది ఊగడం మనం మన కళ్లతో చూసే దారి ఉందా? ఎం22లో ఉన్నవి చూడొచ్చా?

---

తుంగభద్ర_గట్టు

అన్నా, ఎం22వి 14వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటాయి. 8 అంగుళాలతో, ఆ గుంపులో, కంటితో కష్టం. ఆ జాతికి పేరిచ్చిన ఆర్ఆర్ లైరేనే చూడండి. అభిజిత్తుకు (వేగాకు) దాదాపు పది డిగ్రీల దూరంలో ఉంటుంది, 7.1 నుంచి 8.1 మధ్య ఊగుతుంది, బైనాక్యులర్ చాలు. పీరియడ్ 13 గంటల 36 నిమిషాలు కాబట్టి ఒక్క రాత్రిలో చుట్టు మొత్తం దొరకదు గానీ, వెలుగు లేచే ఘట్టం పడిన రాత్రి కొద్ది గంటల్లోనే పక్క నక్షత్రాలతో పోల్చి తేడా పట్టొచ్చు. కోట దాకా పోనక్కర్లేదు, జమ్మలమడుగు మిద్దె మీద నుంచే అవుతుంది.

---

ఆదోని_రిటైర్డ్_ఫిజిక్స్

అమ్మా, ఒక సందేహం. ఊగే నక్షత్రమూ, అంటుకున్న జంటా కె బ్యాండులో ఒకేలా ఉంటాయన్నావు. భౌతికంగా చూస్తే రెండిటికీ తేడా ఉండాలి గదా. ఆర్ఆర్ లైరేలో మారేది ముఖ్యంగా ఉష్ణోగ్రత, అందుకే తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఊగు తగ్గుతుంది. జంటలో ఒకటి ఇంకోదాన్ని కప్పడం, ఆకారం తిరగడం, అంతే. అది అన్ని బ్యాండుల్లో ఇంచుమించు ఒకటే. జే బ్యాండులో కూడా ఊగు కొలిస్తే తేలిపోదా?

---

తుంగభద్ర_గట్టు

తేలిపోతుంది సార్, అదే సరైన దారి. చిక్కేమంటే వీవీవీలో మళ్లీ మళ్లీ తీసింది కె బ్యాండు ఒక్కటే. జే, హెచ్‌లలో తీసింది చాలా తక్కువ, రంగు కొలవడానికి పనికొస్తుంది గానీ ఊగు కొలవడానికి చాలదు. అందుకని జే బ్యాండు కావాలంటే మనమే తీసుకోవాలి. దేవస్థలంలో 3.6 మీటర్ల టెలిస్కోపు ఉంది, నైనితాల్‌లోని ఏరీస్ వాళ్లది, దానికి పరారుణ కెమెరా ఉంది. అక్కడి నుంచి ఈ గుచ్ఛం 40 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. వానాకాలంలో మూసేస్తారు కాబట్టి ఏప్రిల్, మే రాత్రుల రెండో సగం అడగాలి. హాన్లేలో 2 మీటర్ల చంద్ర టెలిస్కోపుకూ పరారుణ పరికరం ఉంది, అక్కడి నుంచి ఇంకాస్త కిందికి, 36 డిగ్రీల దగ్గర ఉంటుంది.

తమ్ముడి ఎమ్మెస్సీ అయిపోయేలోపు ఇది అవ్వదు. థీసిస్‌లో 'తర్వాత చేయాల్సిన పని' కింద రాసుకుని, వీలైతే గైడ్‌గారి పేరుతో ప్రపోజల్ పంపొచ్చు. మొత్తం గుచ్ఛం అడగొద్దు. తేలని నాలుగైదు నక్షత్రాలను, ఎంత ఊగు తేడాను కొలవాలో, దానికి ఎంత ఎక్స్‌పోజర్ కావాలో లెక్కగట్టి అడిగితే కమిటీ చదువుతుంది.

---

అనంత_ఎమ్మెస్సీ

అక్కా, సార్, అప్‌డేట్. 11వది 0.4094కు మడిస్తే లోయలు 0.26, 0.19. రంగు కూడా గుచ్ఛం వాటికంటే బాగా తక్కువ. జంటే. కొట్టేశా. 7వది 0.62కు మడిస్తే చెదురు దాదాపు సగానికి తగ్గింది, మిగతా ఆర్ఆర్ లైరేలు 15.2 నుంచి 15.7 మధ్య ఉన్నాయి. 2.59 దగ్గర చిన్న శిఖరం కూడా ఉంది, మీరన్నట్టే. 4వదానికి మచ్చ నడిబిందువు ఈశాన్యం వైపు ఒక పిక్సెల్‌కు కాస్త ఎక్కువ జరిగి ఉంది. అంటే ఊగేది కేటలాగులో ఉన్న నక్షత్రం కాదు, దాని పొరుగు, అంతేనా?

పీరియడ్‌కూ మాగ్నిట్యూడుకూ గీత గీస్తే మాత్రం చెదురు ఎక్కువే ఉంది. ప్లాట్లు డ్రైవ్‌లో పెట్టాను.

---

తుంగభద్ర_గట్టు

అంతే. టేబుల్లో స్థానం మార్చు, కేటలాగు నంబరు తీసేసి, నువ్వు కొలిచిన నడిబిందువు ఆర్ఏ, డెక్‌లే (ఆకాశంలో చోటు చెప్పే అంకెలే) రాయి. గీతలో చెదురు ధూళి పని. ఈ గుచ్ఛం ముందు ధూళి ఒకే మందంగా లేదు, ఒక్కో నక్షత్రానికి కోత వేరు. ఒక్కోదానికి హెచ్ మైనస్ కె రంగుతో కోత విడిగా లెక్కగట్టి తీసెయ్యి, గీత సన్నబడుతుంది. ఇక్కడ పుస్తకాల్లో ఉండే మామూలు ధూళి నియమం ఒకటి వాడి, పాలపుంత నడిభాగానికి వాడే నియమం ఇంకొకటి వాడి, రెండు దూరాలూ రాయి. తేడా ఎంత వస్తుందో చూస్తే నీకే నవ్వొస్తుంది.

---

ఆదోని_రిటైర్డ్_ఫిజిక్స్

ప్లాట్లు చూశా అబ్బాయీ. 7వది చాలా బాగుంది. ఒక్కటే, నిలువు అక్షం తలకిందులు చెయ్యి. మాగ్నిట్యూడ్ తగ్గితే వెలుగు పెరిగినట్టు, నువ్వు వేసినదాంట్లో నక్షత్రం వెలిగినప్పుడల్లా కిందికి పోతోంది. ఎగ్జామినర్ ముందు అదే చూస్తాడు.

---

అనంత_ఎమ్మెస్సీ

అన్నీ తిప్పేశాను సార్. డ్రైవ్‌లో కొత్తవి ఉన్నాయి.